ఎడమ చేతి గేరు

“వచ్చింది! బెంజి వచ్చింది!”

హైదరాబాదు బస్సు ఇంకా ఆగనే లేదు. మెట్టు మీద వేలాడుతూనే మా ఆయన అరిచారు. మా ఇల్లు నకిరేకల్ రోడ్డు వారనే ఉంటుంది కాబట్టి ఆ కేక ఎదురుగా ఉన్న ఆముదాల అంగడి దాకా వినిపించింది.

నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. చేట పక్కన పెట్టి లేచాను. పరుగెత్తి ఎదురుపోవాలనిపించింది. కానీ కొత్త కోడలిని, గడపలో అత్తమ్మ ఉంది. అందుకని నిలబడ్డ చోటే మడమలెత్తి చూశాను.

అరుగు రెండో చివర కూర్చున్న మామయ్య మాత్రం తల ఎత్తలేదు.

“కోడలా,” అన్నారు. “నీ మొగడు ఏమో ఒర్లుతున్నడు. ఏందో అడుగు.”

మామయ్యకూ కొడుక్కూ మధ్య మాటలు లేవు. మా పాత లారీ దొరసాని పర్మిట్టును కొత్త బెంజి లారీకి మార్చమని మా ఆయన నల్లగొండ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చిన నాడు ఆగిపోయిన మాటలవి. అప్పటి నుంచి తండ్రి కొడుకుతో ఏమన్నా, కొడుకు తండ్రితో ఏమన్నా నా మీదుగానే నడుస్తోంది. కోఠీ కాలేజీలో బి.ఏ. చదివినన్నాళ్లూ నేనింత తర్జుమా చేయలేదు. అదీ తెలుగులోంచి తెలుగులోకి!

మా ఆయన చెమటతో, దుమ్ముతో, ఒళ్లంతా నవ్వుతో మెట్లెక్కారు.

“బాపుకు చెప్పు. సికింద్రాబాదుల మన పేరు మీద బండి దిగింది. రేపు వచ్చి తోలుకపొమ్మన్నరు.”

“మామయ్యా, సికింద్రాబాదుల...”

“ఇన్న. నాకింకా చెవుడు రాలే.”

అత్తమ్మ రోడ్డు వైపు అటూ ఇటూ చూసింది. “బండి ఏదిర అమరా? నువ్వొక్కనివే దిగితివి.”

“రేపు తెస్తనే అమ్మా. ఇప్పుడు ఉత్త చాసీ ఇస్తరు. ముక్కు, ఇంజను, స్టీరింగు, చక్రాలు. కూసోనీకి ఒక చెక్క డబ్బ. కేబినూ, సరుకు తొట్టీ మనమే వడ్లాయనతోని కట్టించుకోవాలె.”

“సగం బండికా గింత సంబరం? ఇల్లు అమ్మి, గోడలు మీరే పెట్టుకోండ్రి అన్నట్టున్నది గదరా!”

మామయ్య ఒక చిక్కుడుకాయ తీసుకుని విరిచారు. “ముక్కు ఎంత పొడుగున్నదో అడుగు కోడలా.”

“పొట్టి ముక్కే,” అన్నారు మా ఆయన నా వైపు చూస్తూ. “గుండ్రంగ, ముద్దుగ ఉన్నది. ముక్కు మీద చుక్క గుడ ఉన్నది.”

“ముక్కుకు చుక్కేంది? లారీనా, పెండ్లిపిల్లనా?”

నాకు నవ్వాగలేదు. నవ్విన తరువాత చూస్తే నేనొక్కదాన్నే నవ్వాను. తండ్రి ఈ గోడను చూస్తున్నారు, కొడుకు ఆ గోడను చూస్తున్నారు. చిక్కుడుకాయ మాత్రం మామయ్య వేళ్ల మధ్య నుగ్గు నుగ్గైంది.

అంతలో అత్తమ్మ అందుకుంది. “మీ బండ్ల సంగతి నాకెందుకు గని, నా రోకలేది? నిన్నటి సంది కనవడ్తలేదు. పిండి జల్లెడ గుడ లేదు. మిరపకాయలు ఎండి కూసున్నయి, దేంతోని దంచాలె? ఇరుగుపొరుగున అడిగొచ్చిన. రోకలి ఎత్తుకపోయే దొంగలుంటరా యాడన్న?”

“ఎవలకు గావాలె నీ రోకలి,” అన్నారు మామయ్య. అని, ఏదో పనున్నట్టు లేచి పెరటి కొట్టం వైపు వెళ్లిపోయారు. ఆ వెళ్లడం నాకెందుకో కొంచెం తొందరగా అనిపించింది.

*

పెరట్లో గోలెం దగ్గర మా ఆయన కాళ్లు కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను. కడిగిన కాళ్లనే మళ్లీ కడుక్కుంటున్నారు. నేనూ పోసిన చోటే మళ్లీ పోస్తున్నాను. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేందుకు దొరికే జాగా అదొక్కటే.

“కండ్లు ఎట్లున్నయి?” అని అడిగాను.

“ఎవలియి?”

“ఇంకెవలియి, బెంజివి.”

అంతే, ఆయన మొహం వెలిగిపోయింది. “మడ్‌గార్డులల్ల పొదిగినట్టున్నయి. మన దొరసాని కండ్లు చూడు, ఇనుప కమ్మీల ఎనక జైలుల పెట్టినట్టుంటయి. లడాయి కోసం చేసిన బండి గదా, కొమ్మలు తగిలి పగలకుండ. దీనికి గా భయం లేదు. నవ్వుకుంట పుట్టింది.”

పెళ్లికి ముందు నాకు లారీలన్నీ ఒక్కటే. దుమ్ము లేపేవి, హారను కొట్టేవి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, వచ్చే బండి ఏదో చప్పుడు బట్టి చెప్పమనేవారు. బెడ్‌ఫోర్డు పెట్రోలు బండి, మెత్తగా గొణుగుతూ పోతుంది. లేలాండు కనబడకముందే నేల మీద వినబడుతుంది. ఫార్గో ముందు హారను కొట్టి తరువాత ఆలోచిస్తుంది. బెంజి వస్తుంటే కంచు బిందెలో కంకర పోసి ఊపినట్టుంటుంది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు జామకాయ కోసి, ఉప్పూకారం అద్ది నోటికందించాలి. ఓడినా గెలిచినట్టే ఉండే పందెం అది. ఇప్పుడు నేను మొహాలు కూడా గుర్తుపడతాను. మొన్న ముక్కే లేని లారీ ఒకటి పోతే, “అయ్యో, ఇంజను ఏడ పెట్టుకున్నది పాపం?” అన్నాను. “డ్రైవరు మోకాలి పక్కన. ముక్కు కోసేసి గంత జాగా సరుకుకు ఇచ్చిండ్రు. ఎండకాలంల మాత్రం డ్రైవరు ఉడికిపోతడు,” అని ఆయన చెప్పిన తీరుకు ఆ డ్రైవరు మీద నాకు రోజంతా జాలి పట్టుకుంది.

“మరి మామయ్యను ఎట్ల ఒప్పిస్తరు?”

చెంబులో నీళ్లయిపోయాయి. ఆయన గోలెం అంచు మీద కూర్చున్నారు.

“నాకు సమజ్ అయితలేదు మంజులా. దొరసానిని అమ్ముతానన్ననా? లే. ఒక్క పర్మిట్టు మీద ఒక్క బండే నడవాలె. కొత్తది రోడ్డు మీద నడుస్తది, అది కొట్టంల ఉంటది. పెట్రోలు ఎంత తాగుతదో బాపుకు ఎరుక లేదా? అయినా ఒకనాడు ముక్కు పొట్టి అంటడు, ఒకనాడు డీజిలు కంపు అంటడు. పది చక్రాల దానికి ఆరు చక్రాల దానికి పోలికనా అంటడు. నిజంగ ఏం గావాల్నో మాత్రం చెప్పడు.”

“రేపు బండి ఎవరు తోలుకొస్తరు?”

“చౌటుప్పల్ కృష్ణయ్యను మాట్లాడిన. డ్రైవరుగ ఉంటనన్నడు. బాపు ఇన్నేండ్లు తోలిండు, ఇగ అరుగు మీద కూసొని రాజాలెక్క ఉండొచ్చు.”

ఆయన ప్రేమగానే అన్నారు. కానీ అరుగు మీద నుగ్గయిన చిక్కుడుకాయ ఎందుకో నాకు గుర్తొచ్చింది.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఒరిగిన వేళ, ఆరిన పిడకలు తేవడానికి కొట్టంలోకి వెళ్లాను.

కొట్టంలో సగం దొరసానిదే. లడాయి అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన అమెరికా లారీ. మామయ్య అందులో ఆముదాలు, పల్లికాయ, జొన్నలు హైదరాబాదుకు మోశారు. పొడుగు ముక్కు, పెట్టె మూతల్లాంటి చదును మడ్‌గార్డులు. వాటి మీద మా పిల్లి పడుకుంటుంది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయట. అందుకని స్టీరింగు ఎడమ వైపున ఉంది. ఈ సంగతి వెనక వచ్చేవాళ్లకు తెలియాలని వెనక చెక్క మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయించారు. అత్తమ్మ ఆ బండిని సవతి అంటుంది. అని, ప్రతి శుక్రవారం దాని ముక్కుకు పసుపూ కుంకుమా తనే పెడుతుంది.

పిడకలు ఎత్తుకోబోతుంటే లోపలి నుంచి మాట వినబడింది.

“ఒకటి... రెండు... అబ్బ!”

దబ్బుమని ఏదో పడింది.

మెల్లగా అడుగు వేసి చూశాను. మామయ్య దొరసాని కేబినులో ఉన్నారు. స్టీరింగు దగ్గర కాదు, కుడి వైపు సీటులో. కుడి చేతిలో అత్తమ్మ పిండి జల్లెడను నిలువుగా పట్టుకున్నారు. ఎడమ పక్కన ఆముదాల బస్తా ఒకటి, దానిలో నిలువుగా గుచ్చి అత్తమ్మ రోకలి. మామయ్య వంగి, పడిన రోకలిని మళ్లీ బస్తాలో గుచ్చి, కాళ్లు రెండూ నేలకు నొక్కి, ఎడమ చేత్తో రోకలిని ముందుకు తోశారు.

“ఒకటి.” వెనక్కి లాగారు. “రెండు.” పక్కకు వంచి ముందుకు తోయబోయారు. “మూ...”

రోకలి బస్తాలోంచి ఊడి, తెరిచి ఉన్న తలుపులోంచి జారి నా కాళ్ల దగ్గరికి దొర్లింది.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అయినా లాభం లేకపోయింది. మామయ్య చూశారు. జల్లెడ చేతిలో అట్లాగే ఉంది.

నేను నవ్వుతానని ఆయన, ఆయన కోప్పడతారని నేను అనుకున్నాం. చివరకు నేను వంగి రోకలి తీసి, ఆ తలుపులోంచే అందించాను.

“ఎక్కు,” అన్నారు. “జల్లెడ ఎందుకో అడుగవేంది?”

“స్టీరింగు గదా మామయ్యా.” అసలు స్టీరింగు ఉన్న ఎడమ వైపు ఎక్కి కూర్చున్నాను. “కొత్త బండిది కుడి పక్కన ఉంటది.”

ఆయన నా మొహంలోకి చూశారు. “నీకెట్ల ఎరుక?”

“రోజుకొక జామకాయ కోసిచ్చి నేర్చుకున్న.”

ఆయనకు అర్థం కాలేదు. కానీ భుజాలు కొంచెం సడలాయి.

“ఎడమ చెయ్యి నా మాట ఇంటలేదు బిడ్డా,” అన్నారు. చెయ్యిని ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు, అది వేరెవరిదో అయినట్టు. “తోలుడు నేర్చిందే దీని మీద. గేరుకు కుడి చెయ్యి పోవాలె. గుడ్డిగ పోతది, అడుగకుండ పోతది. కొత్త దాంట్ల కూసుంటే గేరు అనుకొని తలుపు పట్టుకుంట. కృష్ణయ్య అసొంటోడు చూసి నవ్వడా?”

“మరి ముక్కు పొట్టిది, డీజిలు కంపు...”

“ఏదో ఒకటి అనాలె గదా! తోలొస్తలేదని కొడుకుతోని ఎట్ల చెప్పుదు?”

పిల్లి మడ్‌గార్డు మీంచి లేచి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ పడుకుంది.

“చెయ్యి సంగతి ఒక్కటే గాదు,” అన్నారు మామయ్య. ఇప్పుడాయన నాతో కాదు, అద్దం ముందున్న పొడుగు ముక్కుతో మాట్లాడుతున్నారు. “దొరసానిల నేను రోడ్డు అంచున కూసుంట. ఎద్దు కొమ్ముకు నా మోచేతికి జానెడు. కింద దుమ్ముల చక్రం యాడ పోతున్నదో కనవడ్తది. ఎవలనన్న దాటాల్నంటే కుడి దిక్కు నాకు కనవడదు, గీ సీట్ల ఉన్నోళ్లు ‘పో’ అంటే పోయేది. కొత్త దాంట్ల అంతా ఉల్టా. కుడి దిక్కు కనవడ్తది. ఎడమ దిక్కు బండెద్దులున్నయో, గొర్లున్నయో, గుంతున్నదో నాకేమెరుక? ఒక్క గొర్రెపిల్ల కింద పడ్డదనుకో, ఇగ జన్మల స్టీరింగు పట్ట.”

రోకలిని బస్తాలో మళ్లీ గుచ్చారు.

“అమరునితోని అనకు.”

“అనను మామయ్యా.”

“మీ అత్తతోని అసలే అనకు. రోకలి లాక్కపోతది.”

నేను పిడకలు తీసుకుని వచ్చేశాను. నా వెనక, “ఒకటి... రెండు...” అని మళ్లీ మొదలైంది. మూడు వినబడుతుందేమోనని గుమ్మం దగ్గర ఆగాను. దబ్బుమన్న చప్పుడే వినబడింది.

*

సాయంత్రం అరుగు మీద చాయ్ తాగుతున్నాం. మా ఆయన రేపటి ప్రయాణం గురించి చెబుతున్నారు. నాతోనే, తండ్రికి వినబడేట్టు.

“బాపుకు చెప్పు, పొద్దుగాల బస్సుకు నేను పోత. కృష్ణయ్య చౌటుప్పల్‌ల ఎక్కుతడు. మాపటికి బండి తెచ్చి ఇంటి ముందట నిలవెడ్తడు. బాపు కొబ్బరికాయ కొడితే చాలు.”

నేను మామయ్య వైపు తిరిగాను. తర్జుమా చేయబోయాను.

“ఎవడు వాడు?”

ఆ మాట నాతో కాదు. నేరుగా కొడుకుతో. అత్తమ్మ చాయ్ వడపోస్తూ ఆగిపోయింది.

“కృష్ణయ్య, బాపూ. మంచి డ్రైవరు,” అన్నారు మా ఆయన తడబడుతూ.

“మంచోడే కావచ్చు. మన ఇంటికి మొదటిసారి వచ్చే బండిని వాడెవడో తోలుకొస్తే, నేను అరుగు మీద కొబ్బరికాయ పట్టుకొని నిలవడాల్నా? అల్లుడొస్తుంటే ఎదురుచూసినట్టు?”

“గట్ల గాదు బాపూ. దాని స్టీరింగు కుడి దిక్కున్నది. నీకు ఎడమ దిక్కు...”

ఆయన అక్కడ ఆగిపోయారు. ఆగిపోవడంలోనే ఆయనకు ఏదో తెలిసింది. ఇన్నాళ్ల ముక్కు మాటలు, డీజిలు మాటలు ఒక్కటొక్కటే ఆయన కళ్లలో వెనక్కి తిరగడం నేను చూశాను. తండ్రి చాయ్ కప్పు లోపలికి చూస్తున్నారు. కప్పులో చాయ్ లేదు.

రోడ్డు మీద ఒక బండి వస్తున్న చప్పుడు. కంచు బిందె, కంకర. ఎవరూ పందెం వేయలేదు.

ఎవరికీ ఏమీ చెప్పనని మాట ఇచ్చాను. చెప్పనూ లేదు. నేనన్నది ఒక్కటే.

“ఎడమ దిక్కు నేను చూస్త.”

ముగ్గురూ నా వైపు తిరిగారు.

“కుడి దిక్కు మామయ్య చూస్తరు, ఎడమ దిక్కు నేను కూసుంట. ఎద్దులొస్తే ఎద్దులంట, గుంతొస్తే గుంతంట. మేకలూ గొర్లూ నాకు తేడా తెలుసు.” ధైర్యం చాలక చివరిది కలిపాను.

“నువ్వా? ఒట్టి చాసీ మీదనా?” మా ఆయన లేచి నిలబడ్డారు. “కేబిన్ లేదు, తలుపు లేదు, డబ్బ మీద కూసోవాలె. గాలికి పడిపోతవ్!”

“మీరు ఎనక నుంచి పట్టుకోండ్రి.”

అనేశాక నాలుక కరుచుకున్నాను. అత్తమామల ముందు అనవలసిన మాట కాదది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అత్తమ్మ తిడుతుందని తల వంచుకున్నాను.

అత్తమ్మ తిట్టలేదు. చాయ్ జల్లెడ పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“దొరసాని కొత్తల గా కుడి సీట్ల ఎవలు కూసున్నరనుకున్నవ్?” అంది. “మూసీ దాటేటప్పుడు ఇసుకల దిగవడితే, ‘పో’ అనీ, ‘ఆగు’ అనీ ఎవలు చెప్పిండ్రు? ఊరంతా నవ్వింది, బాలస్వామి పెండ్లాం లారీల ఊరేగుతున్నదని. నవ్వితే నవ్విండ్రు. నా గొంతు ఇంటే తప్ప గీయన గేరు మార్చకపోయేది.”

మామయ్య తల ఎత్తి భార్యను చూశారు. ఆ చూపు నాకు తెలుసు. జామకాయ అందించినప్పుడు నాకు కనబడే చూపే, కాకపోతే నెరిసిన కనుబొమల కింద.

“కండ్లకు అద్దాలు పెట్టుకో బిడ్డా, దుమ్ము కొడ్తది,” అంది అత్తమ్మ నాతో. “తలకు రుమాలు కట్టుకో. చెవుల కమ్మలు తీసి ఈడ్నే పెట్టిపో.”

మామయ్య కప్పు కింద పెట్టారు. పంచె సర్దుకుని లేచారు.

“అమరా, గా కృష్ణయ్యకు కబురు పెట్టు. ఎల్లుండి సంది పనిలకు రమ్మను, రేపు మాత్రం అక్కర లేదు. పొద్దుగాల మొదటి బస్సుకు ముగ్గురం పోతున్నం. బండి నేను తోలుకొస్త. కోడలు నా ఎడమ దిక్కు కూసుంటది. నువ్వు ఎనక నిలవడి ఇద్దరినీ పట్టుకో.”

“బాపూ...” అన్నారు మా ఆయన. అన్నాళ్ల మౌనం తరువాత తండ్రి తనను పేరు పెట్టి పిలిచారు. అది చాలినట్టుంది. ఆయన నా వైపు వంగి, “నీకు ముందే ఎరుకనా?” అని గొణిగారు. నేను చిక్కుడు చేట కోసం వెతుక్కున్నాను.

“అంతా మంచిదే గని,” అంది అత్తమ్మ, “నా రోకలి సంగతి తేలకుండ ఎవలూ బస్సెక్కేది లేదు.”

అరుగు దిగబోతున్న మామయ్య ఆగారు. వెనక్కి తిరగకుండానే, “రేపు బండి వచ్చినంక దొరుకుతది లే,” అని కొట్టం వైపు నడిచారు.

అత్తమ్మ నా వైపు చూసింది. మా ఆయన కూడా నా వైపే చూశారు. చిక్కుడుకాయలన్నీ ఎప్పుడో అయిపోయాయి. నేను ఖాళీ చేటలో ఈనెలు ఏరుతూ, కొట్టం వైపే చెవి పెట్టి కూర్చున్నాను. ఒకటి వినబడింది. రెండు వినబడింది.

తరువాత దబ్బుమంది.